కత్తి అచ్చిరాని ఇల్లు

1986 మార్చి 14, శుక్రవారం

చెయ్యి విరిగితే మనిషి పోతుందా?

ఎవరిని అడిగినా తలరాత అంటున్నారు. విరిగింది ముంజేయి, రాసింది తల మీద. బాగానే ఉంది వీళ్ళ వైద్యం.

నా చెల్లెలు జ్ఞానాంబ నాకంటే ఆరేళ్ళు చిన్నది. తిరుపతిలో వాళ్ళ మిద్దె మీద మిరపకాయలు ఎండబెట్టి దిగుతూ మెట్టు జారి పడింది. మా పక్క ఎవరికి ఎముక విరిగినా పుత్తూరు పోతారు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, చుట్టూ గుడ్డ. గుడ్డు తగిలిందని మా కోమటి ఆడవాళ్ళు ఇంటికొచ్చి తలకు పోసుకుంటారు, కానీ పోవడం మాత్రం పుత్తూరికే పోతారు. కట్లు మార్చుకుంటూ ఉంటే నెల తిరిగేసరికి మళ్ళీ బిందె ఎత్తుకుంటారు. నేను అదే చెప్పాను. జ్ఞానా మొగుడు ధనంజయకు బ్యాంకులో ఉద్యోగం కదా, నామోషీ. "ఏ కాలంలో ఉండావు వదినా? లోపల స్టీలు పట్టీ యేస్తే జన్మలో వంకర రాదు" అన్నాడు. నర్సింగ్ హోములో చేర్చాడు. మత్తిచ్చారు, కోశారు, పట్టీ వేశారు. చెయ్యి నిటారుగా వచ్చింది. మనిషి మాత్రం తిరిగి ఊపిరి తీసుకోలేదు.

డాక్టరు బయటికి వచ్చి, "గుండె బలహీనం. ముందే చెప్పుండాల్సింది మీరు" అన్నాడు. ఏటా మెట్ల దోవన కొండెక్కిన గుండె అది. నేను మోకాళ్ళ పర్వతం దగ్గర కూలబడితే వెనక్కి దిగొచ్చి నా సంచీ కూడా మోసిన గుండె.

కట్టెల మీద పడుకోబెట్టినప్పుడు కూడా ఆ చెయ్యి నిటారుగానే ఉందట. వెళ్ళొచ్చిన మగవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను.

మార్చి 15

ధనంజయ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. నేను లోపలికి రమ్మనలేదు.

మార్చి 22, శనివారం

ఈ డైరీ బెల్లం మండీ వాళ్ళు కొత్త సంవత్సరానికి మామకు ఇచ్చింది. అట్ట మీద లక్ష్మీదేవి. లోపల నేను రాస్తున్నది చూస్తే ఆమె కళ్ళు మూసుకుంటుంది. తిరుపతి వాళ్ళకు ఏడాదికి ఒక వారం జాతరలో గంగమ్మ పేరు చెప్పి నోరారా తిట్టుకునే వీలుంది. నాకు ఈ పుస్తకం ఉంది.

ఈరోజు అవ్వ మీద కోపం. అవ్వంటే అమ్మకు అమ్మ, నాకు అత్తగారు కూడా. అమ్మ తమ్ముడు దేవరాజులునే నాకు కట్టారు. పుట్టినప్పుడు మామా అన్నవాణ్ణి ఇప్పటికీ మామా అంటున్నాను. ఈ ఇంట్లో పిలుపులు మారవు, మనుషులూ మారరు. జ్ఞానాను మేనత్త కొడుక్కిచ్చారు. నా కూతురు వరదను మా తమ్ముడికి అనుకున్నారు. "బయటి గింజ మన గాదెలో పడలా" అని అవ్వ మా కోమట్ల అమ్మవారిశాలలో పదిమంది ముందు గొప్పగా చెప్పుకుంటుంది.

పొద్దున పూలు గుచ్చుతూ అవ్వ తనలో తాను అనుకున్నట్టు అన్నది, "నేను సెప్తానే ఉండా. మన ఇంటోళ్ళకి కత్తి అచ్చిరాదు. ఇనరు."

"ఎందుకు అచ్చిరాదవ్వా?" అన్నాను.

"అచ్చిరాదంతే."

చిన్నప్పటి నుంచి ఈ మాట వింటున్నాను. మా ఇంట్లో ఎవరికి గడ్డ లేచినా కోయించరు, పిండి కట్టు వేస్తారు. పన్ను కూడా ఊడేదాకా ఆగుతారు. ఎందుకు అని ఎవరూ అడగలేదు. అడిగితే అవ్వ సమాధానం పైన రాశాను.

ఏప్రిల్ 10, గురువారం, ఉగాది

పచ్చడి చెయ్యలేదు. చేదు ప్రత్యేకంగా తినాలా?

సాయంత్రం కుడి డొక్క కింద నొప్పి. కత్తి పెట్టి తిప్పినట్టు వచ్చి, వీపులోకి పోయి, వాంతి చేయించి పోయింది. ఇది మూడో సారి. వరద వాము నీళ్ళు తెచ్చింది. అవ్వ దిష్టి తీసింది. మామ, "కంది పప్పు తగ్గించు" అని తన బెల్లం మండీకి పోయాడు. అమ్మవారిశాలకు ప్రెసిడెంటుగా నిలబడుతున్నాడు కదా, ఇంట్లో నొప్పులకు తీరిక లేదు.

ఏప్రిల్ 16, బుధవారం

వేలూరు పెద్దాసుపత్రికి పోయొచ్చాం. పిత్తాశయంలో రాళ్ళున్నాయట. తీసెయ్యాల్సిందే, లేకపోతే ఒకరోజు చీము పట్టి ప్రాణం మీదికి వస్తుందట.

మత్తిచ్చే డాక్టరమ్మ ఒకామె చూసింది. పేరు నిర్మల. మదనపల్లె పిల్ల, ముప్పై దాటి ఉండవు. రక్తపోటు చూసింది, నోరు తెరిపించి చూసింది. "మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్‌లో మత్తు దగ్గర ఇబ్బంది అయిందా?" అని అడిగింది.

"అట్లాంటిదేమీ లేదు డాక్టరమ్మా, అంతా గట్టోళ్ళం" అన్నాడు మామ.

జ్ఞానా పోయి నెల దాటింది, అంతే. ఆయనకు అది అక్క కూతురు. ఎత్తుకుని తిప్పిన పిల్ల. నేను మామ వైపు చూశాను. బల్ల కింద ఆయన కాలు నా కాలును తొక్కింది. కాలు తీసుకుని చెప్పాను. చెయ్యి విరిగిన దగ్గర నుంచి కట్టెల దాకా అంతా చెప్పాను.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఆపరేషన్ అయ్యాక ఆమె కదల్లేదా? కళ్ళు కూడా తెరవలేదా? గుండె ముందు ఆగిందా, ఊపిరా?" అని గుచ్చి గుచ్చి అడిగింది. తర్వాత, "మీ అమ్మా నాన్నా దగ్గరి బంధువులా?" అన్నది.

జ్ఞానా పోయిన తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది. "మా ఇంట్లో దూరపు బంధువే లేడు డాక్టరమ్మా" అన్నాను.

నా చేతి నుంచి రక్తం తీసుకుంది. మీదీ ఇవ్వండి అంటే మామ చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. బస్సు చిత్తూరు చేరింది. దిగాక, "మన ఇంటి సంగతులు ఆ పిల్లకెందుకుమే?" అన్నాడు.

మామ మీద నాకు కోపం లేదు. ఎన్నికల హడావిడిలో ఉన్నాడు.

ఏప్రిల్ 28, సోమవారం

ఈసారి వరదను తోడు తీసుకుని పోయాను. అది ఇంటర్లో బైపీసీ, నాకు అర్థం కానిది దానికైనా అవుతుందని.

నా రక్తంలో ఒక ఎంజైము లేదట. తక్కువ కాదు, బొత్తిగా లేదు.

డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకుంటున్నాను. మర్చిపోతే ఈ ఇంట్లో గుర్తు చేసేవాళ్ళు లేరు. "మన రక్తంలో కొన్ని మందుల్ని విరగ్గొట్టి పారేసే పదార్థం ఒకటుంటుందమ్మా, ఎంజైము అంటాం. మత్తిచ్చి గొంతులో గొట్టం వేసే ముందు కండరాలు సడలడానికి ఒక ఇంజెక్షన్ ఇస్తాం. ఆ ఎంజైము ఉన్నవాళ్ళకు కాసేపట్లో దిగిపోతుంది. లేనివాళ్ళకు గంటల తరబడి దిగదు. అంతసేపూ ఛాతీ కదలదు, సొంతంగా ఊపిరి తీసుకోలేరు."

"మామూలుగా ఉన్నప్పుడు?"

"ఏమీ కాదు. నూరేళ్ళు బతకొచ్చు. ఆ సూది పడేదాకా లోటు ఉన్నట్టే తెలీదు."

"మరి నా చెల్లెలు?"

ఆమె నా రిపోర్టు మడిచి పెట్టింది. "ఆ రోజు అక్కడ నేను లేను, దాని మీద నేను తీర్పు చెప్పకూడదు. మామూలుగా అయితే, మనం గాలి కొడుతూ కూర్చుంటే మందు దానంతటదే దిగిపోతుంది. మనిషి లేచి కూర్చుంటుంది."

గాలి కొడుతూ కూర్చుంటే. అంతేనట. మందు కాదు, మాయ కాదు, కోట్ల మిషను కాదు. ఒక తిత్తి పట్టుకుని ఒత్తుతూ కూర్చోవడం. నాకు చెప్పి ఉంటే నేను కూర్చునేదాన్ని. తెల్లవార్లూ, మర్నాడంతా, చేతులు పడిపోతే కాళ్ళతో తొక్కేదాన్ని. మా అమ్మ కూర్చునేది. వీధిలో వాళ్ళు వంతులేసుకుని కూర్చునేవాళ్ళు. ఆ నర్సింగ్ హోము వాళ్ళు గుండె బలహీనం అని చెప్పి చేతులు కడుక్కున్నారు.

వరద అడిగింది, అది ఎట్లా వస్తుంది అని. ఆ ఎంజైమును తయారుచేసే జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాయన నుంచి ఒకటి వస్తుందట. ఒకటి మంచిదైతే పని జరిగిపోతుంది, రెండూ చెడితేనే ఇట్లా. మూడో నంబరు క్రోమోజోము మీద ఉందని ఈమధ్యే తేలుతోందట, సరిగ్గా ఏ చోటో ఇంకా వెతుకుతున్నారట. మా కోమట్లలో ఇది ఎక్కువ కనిపిస్తుందని ఈ పక్క మత్తు డాక్టర్లు చాలా రోజులుగా అనుకుంటున్నారట.

అవ్వ గాదెలో బయటి గింజ పడలేదు. పురుగు పట్టిన గింజనే తిప్పి తిప్పి విత్తుకున్నాం.

డాక్టరమ్మ ఒక కార్డు ఇచ్చింది. నా పేరు, ఆ మందు పేరు, అది ఇవ్వకూడదని ఎర్ర ఇంకుతో. "దీని బదులు వేరే మందులున్నాయి. ఎక్కడ ఆపరేషన్ చేయించుకున్నా ఇది చూపించండి. అంతకంటే భయం లేదు" అన్నది. వరద రక్తం కూడా తీసుకుంది. బస్సులో వరద ఆ కార్డు చేత పట్టుకుని మందు పేరు బట్టీ పడుతూ వచ్చింది. అది కొండవీటి చేంతాడంత పేరు.

ఏప్రిల్ 29

పెన్ను పాళీ విరిగేలా నొక్కి రాస్తున్నాను. భయంతో కాదు.

అవ్వకు చెప్పాను. కార్డు ముందు పెట్టి, తిత్తి సంగతి కూడా చెప్పాను. గాలి కొట్టి ఉంటే మన జ్ఞానా బతికేదవ్వా అన్నాను.

అవ్వ గుచ్చుతున్న పూలదండ ఒళ్ళోకి జారిపోయింది. "మా చిన్నబ్బకీ అట్లే..." అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

చిన్నబ్బ మామకు తమ్ముడు. నా పెళ్ళికి ముందు ఏడాది పోయాడు. చలిజ్వరంతో పోయాడని మాకు చెప్పారు. ఆ ఏడు ఇంట్లో అందరికీ మిరియాల కషాయం పోశారు కూడా.

"చిన్నబ్బ మామకు ఏమైందవ్వా?"

"గొంతులో గెడ్డలు కోపిస్తామని మదరాసు తీసకపోయినారు. లేయలా."

"జ్వరమని ఎందుకు చెప్పినావు?"

"ఇంటి నిండా పెండ్లికాని బిడ్డలుంటే ఏమని సెప్పేదిమే? ఈళ్ళ ఒంట్లో ఏందో ఉండాది, కత్తి పెడితే సస్తారు అంటే ఎవురు సేసుకుంటారు?"

నేను అరిచాను. నా జన్మలో అవ్వ మీద అరవలేదు. "ఎవురు సేసుకున్నారవ్వా? నన్ను నీ కొడుకు సేసుకున్నాడు. జ్ఞానాను నీ ఆడబిడ్డ మనవడు సేసుకున్నాడు. మన పిల్లోళ్ళని మనమే సేసుకుంటా ఎవురికి తెలీకూడదని దాచినావు?"

దొంగలు ఎవరూ రాని ఇంటికి తాళం వేసి, తాళంచెవి మింగేసి కూర్చుంది ఈ ముసలిది. కత్తి అచ్చిరాదు అనడానికి నోరు వచ్చింది. ఎందుకో చెప్పడానికి రాలేదు. ఎందుకో చెప్పి ఉంటే ధనంజయ డాక్టరుతో చెప్పేవాడు.

వాడు చెప్పేవాడేనా? ఏమో. వాడికి ఒక్క అవకాశం కూడా ఎవరూ ఇవ్వలేదు.

మే 2, శుక్రవారం

కార్డు నీళ్ళ పొయ్యిలో వేశాడు మామ.

వంటింట్లో దేవుడి పటం వెనక పెట్టాను. స్నానానికి నీళ్ళు కాగుతుంటే నేను చూస్తుండగానే తీసి పెట్టాడు పొయ్యిలో. "రేపు శాలలో ఎవుడన్నా సూస్తే ఏమనుకుంటారు? దేవరాజులు శెట్టి వంశంలో రక్తమే సరిలేదంట అంటారు. ఓటు యేసేవాడు యేస్తాడా? రేపు వరదనెవురు సేసుకుంటారు?"

"మా తమ్ముడు. వాడిదీ ఇదే రక్తం."

"గమ్మునుండు. డాక్టరుకు నేను సెప్తాలే. ఆమాత్రం తెలీదా నాకు?"

మే 3

ఏప్రిల్ 16న ఒక వాక్యం రాశాను, మామ మీద కోపం లేదని. దాన్ని కొట్టేశాను.

మే 9, శుక్రవారం

మళ్ళీ నొప్పి వచ్చింది. కళ్ళు పచ్చబడ్డాయి. ఇంక ఆగేందుకు లేదు.

వేలూరు పోదామంటే మామ వినలేదు. ఊళ్ళోనే తనకు తెలిసిన సర్జన్ దగ్గర 21వ తేదీకి ఖాయం చేశాడు. ఆపరేషన్‌కు సంతకం మొగుడు పెట్టాలట, ఆయన పెట్టేచోటే నన్ను కోస్తారు. ఈరోజు ఇద్దరం పోయాం. సర్జనూ మామా శాల ఎన్నికల గురించి మాట్లాడుకున్నారు. బెల్లం ధర గురించి మాట్లాడుకున్నారు. లేచే వేళ అయింది. మామ చెప్పలేదు.

నేనే చెప్పాను. సర్జన్ నవ్వాడు. "అవన్నీ పెద్ద ఆసుపత్రుల్లో చదువుకునే పిల్లల పరీక్షలమ్మా. మా దగ్గరికి వచ్చే మత్తు డాక్టరు సీనియరు. మీరు నిశ్చింతగా ఉండండి."

"ఆయన్ని ఒకసారి చూడొచ్చా?"

"ఆయన ఆపరేషన్ రోజే వస్తాడు. అప్పటికే మీకు మగత సూది వేసి ఉంటాం. కంగారు తెలీదు."

బాగుంది. చెప్పాల్సినవాడు వచ్చేసరికి నేను మగతలో ఉంటాను. మగతలో లేని ఆయన బయట బెల్లం ధర మాట్లాడుతుంటాడు. కాగితం రాసి పెడితే పొయ్యిలో వేస్తారు. నోటితో చెబితే నవ్వుతారు. నాకు చావంటే భయం లేదు అని రాయబోయాను. అబద్ధం. భయం ఉంది. జ్ఞానాకు చివర్లో తెలివి ఉండిందేమో, అంతా వినపడుతూ ఛాతీ మాత్రం లేవకుండా ఉండిందేమో అని తలుచుకుంటే నాకు ఊపిరి ఆడదు.

మే 10

కాగితం పొయ్యిలో వేయొచ్చు. చేతిని వేయలేరు కదా.

మే 13, మంగళవారం

ఊళ్ళో గంగమ్మ జాతర. పొంగలి పెట్టాలని చెప్పి వరదా నేనూ బయలుదేరాం. పొంగలి పెట్టలేదు.

గుడి సందు మలుపులో పచ్చబొట్లు పొడిచే కుప్పమ్మ గోనెసంచి పరుచుకుని కూర్చుని ఉంది. ఏటా అక్కడే. సూదుల కట్ట, మసి కలిపిన పసరు చిప్ప. ముందు కూర్చున్న కొత్త కోడలు మొగుడి పేరు పొడిపించుకుంటూ పెదవి కొరుక్కుంటోంది. ఆమె లేచాక నేను కూర్చుని ఎడమ ముంజేయి చాపాను. జ్ఞానాకు విరిగిన చెయ్యీ ఎడమదే. అనుకుని చాపలేదు, అదే వచ్చింది.

వరద బాల్ పెన్నుతో నా చేతి మీద ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాసింది. ముందు, ఇవ్వొద్దు అని. దాని కింద మందు పేరు. మణికట్టు నుంచి మోచేతి దాకా వచ్చింది.

కుప్పమ్మ చెయ్యి అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "ఇంత పొడుగు పేరేంది తల్లీ? ఎవుడాయన? దొరా?"

"దొరే అనుకో."

"మీ ఇంటాయనా?"

"కాదు. నా చెల్లెల్ని చంపినవాడు."

కుప్పమ్మ సూదులు చిప్పలో పెట్టేసి నా ముఖం చూసింది. "నా సేత్తో ఇంతవరకు కట్టుకున్నోళ్ళ పేర్లు పొడిసినా, కన్నోళ్ళ పేర్లు పొడిసినా. పగోడి పేరు ఒంటి మింద పొడిపించుకునేవాళ్ళని సూడలేదమ్మా. ఎందుకు?"

"తిరగా నా కాడికొస్తే గుర్తు పట్టేదానికి."

ఆమె సూదులు మళ్ళీ చేతికి తీసుకుంది. కొమ్ము బూరల మోతలో పొడిచింది. నొప్పి బాగానే ఉంది. నొప్పి కాదు అది, రెండు నెలలుగా లోపల ఉన్నదంతా బయటికి వచ్చి అక్షరాలుగా నిలబడుతున్నట్టుంది. ఒక అక్షరం పూర్తయినప్పుడల్లా వరద సరిచూసింది. ఒక అక్షరం తప్పినా అది మందు కాదు, బొమ్మ అయిపోతుంది.

చివర్లో కుప్పమ్మ పసుపు అద్ది, "వాడు రాడు పో తల్లీ" అన్నది.

మే 14

చెయ్యి వాచింది. మామ చూశాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. వరదను పిలిచి చదివించుకున్నాడు. అర్థం చెప్పించుకున్నాడు. చాలాసేపు చూసి, "కొంగు కప్పుకో. మండీ వాళ్ళు వస్తా ఉంటారు" అన్నాడు.

కప్పుకున్నాను. ఇంకో వారమే.

మే 21, బుధవారం, పొద్దున

రమ్మన్నారు. వరద కూడా వస్తోంది. అవ్వ దేవుడి గదిలోనుంచి రాలేదు.

జ్ఞానా, నేనూ నీ దగ్గరికి వచ్చేస్తే అక్కడ ధనంజయను తిట్టను. వాణ్ణి తిట్టి ప్రయోజనం లేదు.

మే 24

లేచాను.

మే 26, సోమవారం

కుట్లు లాగుతున్నాయి, అయినా రాస్తాను.

ఆపరేషన్ గదిలో దీపాలు రెండుగా కనిపిస్తున్నాయి. నాలుక మందం. ఎవరో నా ఎడమ చెయ్యి చాపి పలక మీద కట్టారు. కొత్త గొంతు ఒకటి, "ఏమిటిది?" అన్నది. వేలితో ఒక్కో అక్షరం తడుముతూ పైకి చదివాడు. మాస్కు మీద కళ్ళు, తెల్ల కనుబొమలు, మత్తు డాక్టరే. "ఎవరు రాశారమ్మా ఇది?"

"నేనే. చెల్లెలు... చెయ్యి విరిగి... లేవలేదు." అంతే రాగలిగింది నా నోటికి.

ఆయన సర్జన్ వైపు తిరిగాడు. "నాకెవరూ చెప్పలేదే." సర్జన్ ఏదో గొణిగాడు. ఆ పెద్దాయన నింపి పెట్టుకున్న సూది ఒకటి పళ్ళెంలో నుంచి తీసి పక్కకు పారేయడం చూశాను. పింగాణీ గిన్నెలో పడిన చప్పుడు విన్నాను. నా చావు అంత చిన్న చప్పుడు చేసింది. తర్వాత ఏమీ తెలియదు.

నిన్న సాయంత్రం వార్డులోకి అవ్వ వచ్చింది. నా పక్కన కూర్చుని, కొంగు తీసి చెయ్యి చూసింది. అవ్వకు తెలుగక్షరమే రాదు. వేలు పెట్టి మోచేతి నుంచి మణికట్టు దాకా తడుముకుంటూ పోయింది.

"ఇందులో మా చిన్నబ్బ పేరు కూడా ఉండాదా?"

నాకు ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది. ఇప్పుడా అడిగేది? కానీ ఆ వేలు అక్కడే ఆగిపోయి ఉంది. "ఉండాదిలే" అన్నాను.

వరద రక్తం సంగతి వేలూరు నుంచి వచ్చింది. దానికి ఆ ఎంజైము సగమే ఉంది. భయం లేదు, కానీ చెప్పి తీరాలి. "పిల్లకెప్పుడు పొడిపిస్తావు?" అని అవ్వ అడిగింది.

"దానికి అక్కర్లేదు. దానికి నోరుండాది."

జూన్ 8, ఆదివారం

శాల ఎన్నికల్లో మామ ఓడిపోయాడు. రక్తం వల్ల కాదు, మండీలో బెల్లం తక్కువ తూస్తాడన్న పేరు వల్ల. ఆ సంగతి ఆయనకు చెప్పేవాళ్ళు లేరు, నేనూ చెప్పను.

సాయంత్రం వంటింట్లో చారుకు చింతపండు పిసుకుతున్నాను. అవ్వ వీధి తిన్నె మీద కూర్చుని ఉంది. ఎదురింటి మునిరత్నమ్మ వచ్చింది, వాళ్ళూ మా కోమట్లే. ఆమె కోడలికి కడుపులో గడ్డట, వచ్చే వారం కోస్తారట. మామ మండీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నాడు.

అవ్వ గొంతు వినపడింది. "ముందు ఆ బిడ్డ రక్తం సూపించుకోండిమే. మా చిన్నబ్బ జరంతో పోలా."

నా చెయ్యి ఆగిపోయింది.

"ఏందత్తా నువ్వనేది?"

"జరంతో పోలా. మత్తు సూదితో పోయినాడు. నేనే దాచినా. మా జ్ఞానా కూడా అట్లనే పోయింది. మన రక్తంలో ఉండాది అది, మన అందరి ఇండ్లల్లో ఉండాది. అడిగినోళ్ళకి, అడగనోళ్ళకి సెప్పు."

మామ ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. నోరు తెరిచాడు. అవ్వ ఆయన వైపు చూసింది. మూసుకున్నాడు.

ఇరవై ఏళ్ళ కిందట ఈ తిన్నె మీద ఈ మాట ఒక్కసారి పడి ఉంటే చాలు. జ్ఞానా ఈపాటికి ఈ ఏటి మిరపకాయలు నాకు పంపి ఉండేది. ఇప్పుడు చెప్పావని అవ్వను మెచ్చుకోను. నా కోపం నా దగ్గరే ఉంది, దాన్ని ఎవరికీ ఇవ్వను.

"దేవకీ" అని పిలిచింది అవ్వ. "ఇట్ల రా. నీ సెయ్యి ఈయమ్మకి సూపించు."

చింతపండు చేతులు కడుక్కున్నాను. కొంగు భుజం మీదికి తోసి, కప్పుకోకుండా బయటికి వెళ్ళాను.